రచన: జానపదం

తెలుగులో అందరికన్నా ఎక్కువ పాటలు రాసిన కవి ఎవరని అడిగితే పండితులు తలా ఒక పేరు చెప్తారు. క్యాసెట్లు కొని విన్నవాళ్లకు మాత్రం ఒక్కటే పేరు తెలుసు. నిజామాబాద్‌లో క్యాసెట్ సెంటర్లు కళకళలాడిన రోజుల్లో, డబ్బా లోపల మడతపెట్టిన రంగుకాగితం విప్పితే సంగీతం ఫలానా, గానం ఫలానా, సమర్పణ ఫలానా అని వరసగా పేర్లుండేవి. రచన దగ్గరికొచ్చేసరికి ‘జానపదం’ అని ఉండేది. చిన్నతనంలో ఆయనెవరో ఇంటిపేరు లేని మహాకవి అనుకున్నాను. ఇన్ని పాటలు రాసినాయనకు ఒక్క ఫొటో అయినా వేయరేమని జాలిపడ్డాను కూడా. క్యాసెట్ పోయింది, సీడీ వచ్చి పోయింది, పాట ఫోన్లోకి దూరింది. వీడియో కింద వివరాలు తెరిచి చూస్తే ఆ కవి ఇంకా రాస్తూనే ఉన్నాడు.

జానపద ఆల్బమ్ మీద మన దగ్గర జరిగే చర్చ దాదాపు అంతా ఒక్క మాట చుట్టే తిరుగుతుంది: కల్తీ. గిటారు పెట్టి పాడుచేశారు, కీబోర్డు కొట్టి చంపేశారు, డీజే మిక్సులో పల్లెను ముంచేశారు. సభల్లో ఈ మాట అన్న ప్రతిసారీ చప్పట్లు పడతాయి. నాకు ఆ వాదన మీద గురి కుదరదు. పాటలోకి ఏ వాయిద్యం వచ్చి చేరిందన్నది చిన్న సంగతి. పాట ఎవరింట్లోంచి వచ్చింది, ఎవరి ఖాతాలోకి పోయింది అన్నది పెద్ద లెక్క. ఆ లెక్క గ్రామఫోను రోజుల నుంచి ఇప్పటిదాకా ఎట్లా నడిచిందో, నిజాంసాగర్ నీళ్లు పారే మా వైపు నుంచి చూస్తే ఏం కనబడుతుందో చెప్పాలనిపించింది.

కల్తీ సంగతి ముందు తేల్చుకుందాం. మంజీర మీద నిజాంసాగర్ కట్టడం 1923లో మొదలై 1931లో పూర్తయింది. నవాబ్ అలీ నవాజ్ జంగ్ ఇంజనీరు. సుమారు 2.75 లక్షల ఎకరాలకు నీళ్లివ్వాలని వేసిన పథకం అది. కాలువ వచ్చాక గుంటూరు, కృష్ణా జిల్లాల రైతులు బండ్లు కట్టుకుని వచ్చి భూములు కొన్నారు. బోధన్, వర్ని, కోటగిరి దారుల్లో వాళ్లు కట్టుకున్న ఊళ్లకు ఇప్పటికీ ‘క్యాంపు’ అనే పేరు. నీళ్లతో చెరకు వచ్చింది, చెరకుతో 1937లో బోధన్‌లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ వచ్చింది, ఫ్యాక్టరీతో శక్కర్‌నగర్ వచ్చింది. ఒకప్పుడు ఆసియాలోనే పెద్ద చక్కెర ఫ్యాక్టరీ అని చెప్పుకునేవాళ్లు. బోధన్ దాటి కొంచెం పడమటికి పోతే మరాఠీ. పట్నంలో అడుగడుగునా ఉర్దూ. తండాల్లో లంబాడీల గోర్‌బోలి. దసరా ముందర ఊళ్లలో బతుకమ్మ ఆడితే, సంక్రాంతికి క్యాంపుల్లో గొబ్బిళ్లు పెడతారు. ఎండాకాలం చిరుతల రామాయణం. ఇట్లాంటి నేల మీద నిలబడి ‘అచ్చమైన మన పాట’ ఏదని వెతకడం, కాలువలో ఏ చుక్క ఏ వాగుదని అడిగినట్టుంటుంది. భజనల్లోనూ యక్షగానంలోనూ హార్మోనియం లేకుంటే మనకు తోచదు. అది ఐరోపా నుంచి ఓడెక్కి వచ్చిన పెట్టె. దానికి పౌరసత్వం ఇచ్చినవాళ్లం గిటారు దగ్గర ఎందుకు ఆగాలి?

వాయిద్యం కన్నా గట్టిగా పాటను మార్చింది గడియారం. 1902లో కలకత్తాలో గౌహర్‌జాన్ పాడినప్పుడు గ్రామఫోను బిళ్ల మీద పట్టింది మూడు నిమిషాలు, ఇంకొంచెం. ఖయాలునే మూడు నిమిషాలకు కుదించిన యంత్రం మన పల్లె పాటను వదులుతుందా? వింజమూరి సీత, అనసూయ అక్కచెల్లెళ్లు జానపదాన్ని రేడియోకూ రికార్డుకూ ఎక్కించి మధ్యతరగతి ఇళ్లల్లోకి తెచ్చారు. వాళ్లు చేసిన మేలు చిన్నది కాదు. పెద్దింటి ఆడపిల్లలు ‘పామర పాట’ పాడడమేమిటి అనే కాలంలో పాడారు. కాని పల్లవి, రెండు చరణాలు, ముగింపు అనే చట్రం కూడా అప్పుడే బిగిసింది. 1950లలో బిరుదురాజు రామరాజు ఉస్మానియాలో తెలుగు జానపద గేయ సాహిత్యం మీద పరిశోధన చేసి దానికి విద్యాగౌరవం తెచ్చారు. పాట కాగితం మీదికీ వచ్చింది, బిళ్ల మీదికీ వచ్చింది. రెండు చోట్లా వంత మాత్రం పొట్టిదైపోయింది.

వంత అంటే ఏమిటో ఆల్బమ్ విని పెరిగినవాళ్లకు చెప్పడం కష్టం. బతుకమ్మ చుట్టూ ముప్పై మంది తిరుగుతుంటారు. ఒకామె పాట అందుకుంటుంది, మిగతావాళ్లు ‘ఉయ్యాలో’ అని వంత ఇస్తారు. ఆ వంత ఇచ్చే లోపల ఆమె తరవాతి పాదం గుర్తుచేసుకుంటుంది, గుర్తు రాకుంటే అక్కడికక్కడ అల్లుతుంది. ఎదురుగా నిలబడ్డ మరదలి మీద ఒక చురక వేస్తుంది. పాట నెమ్మదిగా మొదలై, చప్పట్లతో వేగం పుంజుకుని, మళ్లీ కుదురుకుంటుంది. ఎప్పుడు ముగుస్తుందో ఎవరికీ తెలియదు. చీకటి పడాలి, లేదా చెరువుకు పోయే వేళ కావాలి. ఇప్పుడు స్టూడియోకి రండి. గాయని చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టుకుని క్లిక్ మీద పాడుతుంది. క్లిక్ అంటే మొదటి నుంచి చివరి దాకా ఒకే వేగంతో టిక్ టిక్ మనే తాళం. దాని మీద పాడితేనే కీబోర్డు ట్రాక్ అతుకుతుంది. ముప్పై మంది వంతకు బదులు ఇద్దరు ముగ్గురు కోరస్‌వాళ్లు అదే ముక్కను నాలుగైదు సార్లు పాడితే ఒకదాని మీద ఒకటి పేరుస్తారు. వినడానికి ముప్పై గొంతులు. అయితే ఏ గొంతూ ఇంకో గొంతును చూసి నవ్వదు.

ఈ మాటలకు మా దగ్గరి సాక్ష్యం చిందు ఎల్లమ్మ. బోధన్ దగ్గరి అమ్దాపూర్ ఆమె ఊరు. చిందు భాగవతంలో ఆడవేషాలూ మగవేషాలూ కట్టి, రాత్రంతా గజ్జె విప్పకుండా ఆడిన మనిషి. 2005లో తొంభై దాటిన వయసులో పోయింది. జాంబపురాణం, సారంగధర, ఎల్లమ్మ కథ లాంటివి చిందువాళ్లు ఆడితే కోడి కూసేదాకా నడుస్తాయి. వాళ్లకు పాట వేరు, మాట వేరు, చిందు వేరు అనే లెక్క లేదు. ఎదుట కూర్చున్నవాళ్లను బట్టి కథ సాగుతుంది, కుదురుతుంది, పక్కదారి పట్టి తిరిగొస్తుంది. ఆమె గురించి పుస్తకాలొచ్చాయి, అవార్డులొచ్చాయి, పట్నం వేదికలు పిలిచాయి. పిలిచిన ప్రతి వేదికా ‘పావుగంటలో ముగించండమ్మా’ అనే చెప్పి ఉంటుంది. ఆల్బమ్ చేసే పని కూడా అదే. రాత్రిలోంచి పావుగంట కోసి ఇస్తుంది. కోసినదాంట్లో రుచి ఉంటుంది, కాదనను. చెరకు తోటను చూడాలనుకున్నవాడికి గ్లాసులో రసం ఇచ్చినట్టు.

క్యాసెట్ దగ్గరికి వస్తే నా గొంతు కొంచెం మెత్తబడుతుంది. ఫిలిప్స్ కంపెనీ 1963లో తెచ్చిన ఆ చిన్న డబ్బా 1980లలో మన ఊళ్లకు చేరింది. దానితో పాట మీద పెద్ద కంపెనీల గుత్తాధిపత్యం సడలింది. ఉత్తరాదిలో అది ఎట్లా జరిగిందో పీటర్ మాన్యుయెల్ 1993లో ఒక పుస్తకమే రాశాడు. తెలంగాణలో ఆ కథకు రాజకీయం తోడైంది. జననాట్య మండలి, అరుణోదయ లాంటి విప్లవ సంఘాల పాటలు క్యాసెట్లకెక్కి, దుకాణంలో అమ్మినవాటి కన్నా చేతులు మారినవి ఎక్కువై, టేపు అరిగి గద్దర్ గొంతు మరింత బొంగురుపోయేదాకా తిరిగాయి. గొంగడి, గజ్జె, డప్పు వేదిక మీద కనబడేవి. క్యాసెట్లో అవి కనబడవు, ఉన్నదల్లా ఊపిరి. అయినా జనం ఊహించుకున్నారు. పాట వింటూ మనిషిని కట్టుకునే అలవాటు అప్పటికింకా పోలేదు.

మా వైపు క్యాసెట్‌కు ఇంకో బతుకు కూడా ఉండేది. దుబాయి, సౌదీ, మస్కట్ పోయినవాళ్ల ఇళ్లల్లో టేపురికార్డరే ఉత్తరం. ఇంటామె మాట్లాడేది, పిల్లలతో రెండు మాటలు అనిపించేది, మధ్యలో ఏడుపాపుకోవడానికి ఒక పాట పాడేది. ఆ క్యాసెట్ ఎవరో పోయేవాళ్ల సంచిలో ఎక్కి ఎడారి గదికి చేరేది. నాకు తెలిసి నిజామాబాద్ జిల్లాలో తయారైన అన్నిటికన్నా గొప్ప జానపద ఆల్బమ్‌లు అవే. ఒక్కో ఆల్బమ్‌కు ఒక్కడే శ్రోత. తర్వాత వాటి మీదే సినిమా పాటలు రికార్డు చేసుకున్నారు. ఒక్కటీ మిగల్లేదు.

తెలంగాణ ఉద్యమంలో పాట చేసిన పని మీద చాలానే రాశారు కనుక నేను త్వరగా దాటేస్తాను. ఒక్క సంగతి మాత్రం మా జిల్లా గర్వంగా చెప్పుకోవాలి. రసమయి బాలకిషన్, అందెశ్రీ, గోరటి వెంకన్న, విమలక్క లాంటి గొంతులు కలిసిన ఆ సందడిలో ‘ధూంధాం’ అనే ఆటపాటల రూపం 2002లో కామారెడ్డిలో మొదలైంది. అప్పటికి కామారెడ్డి నిజామాబాద్ జిల్లాలోదే. అదే ఏడు ‘కుబుసం’ సినిమాలో గోరటి వెంకన్న పాట పల్లె ఖాళీ అవుతున్న సంగతిని రాష్ట్రమంతా వినేట్టు చేసింది. అదే ఏడు బోధన్ ఫ్యాక్టరీ ప్రైవేటు చేతికి పోయింది. మూడూ ఒకే సంవత్సరం జరగడం కాకతాళీయమే కావచ్చు. కాని మా వైపు వాళ్లకు ఆ పాట వింటే శక్కర్‌నగర్ క్వార్టర్లే కళ్ల ముందు మెదులుతాయి. ఉద్యమం ముదిరేనాటికి క్యాసెట్ అయిపోయింది, సీడీ సగం అయిపోయింది. మొబైల్ దుకాణంలో పది ఇరవై రూపాయలిస్తే మెమరీ కార్డులో పాటలెక్కించేవాడు. ‘తెలంగాణ పాటలు కొట్టు’ అంటే ఒకే ఫోల్డర్లో వందలు వచ్చి పడేవి. రంగుకాగితం కూడా పోయింది. గాయకుడి పేరుండే చోట ట్రాక్ 01, ట్రాక్ 02. ‘జానపదం’ అనే కవికి కూడా ఉద్యోగం ఊడిన కాలం అది. 2014 తర్వాత తెలంగాణ సాంస్కృతిక సారథి పెట్టి 550 మంది కళాకారులకు జీతాలిచ్చారు. ఊరూరా తిరిగిన గొంతులకు నెల తిరిగేసరికి చేతిలో నాలుగు డబ్బులు పడటం మంచిదే. ఎదురు పాడే అలవాటు కొంత తగ్గింది, అది కూడా నిజమే.

బ్యాండ్ల సంగతికి వద్దాం. జానపదాన్ని గిటారు, డ్రమ్స్‌తో కట్టే ఇండీ బ్యాండు అనేది దేశంలో కొత్త కాదు. ఢిల్లీ బ్యాండు ఇండియన్ ఓషన్ 2000లో ‘కందీసా’ ఆల్బమ్ తెచ్చింది. కేరళ సిరియన్ క్రైస్తవుల అరమాయిక్ ప్రార్థన, నర్మద ఒడ్డు జానపదం అందులో పక్కపక్కనే కూర్చున్నాయి. రఘు దీక్షిత్ 2008లో తన మొదటి ఆల్బమ్‌తో కన్నడ సంతకవి శిశునాళ షరీఫును ఐటీ ఆఫీసుల కుర్రాళ్లకు పరిచయం చేశాడు. 2018లో చెన్నైలో పా. రంజిత్, తెన్మా కలిసి నిలబెట్టిన క్యాస్ట్‌లెస్ కలెక్టివ్ ఉత్తర చెన్నై గానా పాటగాళ్లను, పరై వాయించేవాళ్లను రాక్ సంగీతగాళ్ల పక్కనే నిలబెట్టింది. ఈ మూడింట్లో నాకు మూడోదే ఎక్కువ ముఖ్యం. మొదటి ఇద్దరూ పాటను తెచ్చుకున్నారు, మూడోవాళ్లు పాటగాణ్ని తెచ్చుకున్నారు.

తెలుగులో ఆ దారిలో ముందు కనబడేది హైదరాబాద్ బ్యాండు చౌరస్తా. ‘ఊరెళ్లిపోతా మామ’, ‘మాయ’ లాంటి పాటలతో పేరొచ్చింది. 2020లో కరోనా మొదలైన కొత్తల్లో చేతులు కలపొద్దని పాడిన పాట ఊరూరా మోగింది. గ్రామ పంచాయతీ మైకుల్లో, చెత్తబండ్ల స్పీకర్లలో ఒక ఇండీ బ్యాండు పాట మోగడం తెలుగు సంగీత చరిత్రలో అంతకు ముందు జరిగినట్టు నాకు గుర్తు లేదు. వీళ్ల పద్ధతి వేరు. పాత పాటను తవ్వి తీసి దుమ్ము దులపడం కన్నా, పల్లెమాటతో, తత్వాల తూగుతో కొత్త పాట కట్టడం వీళ్లకిష్టం. రాసినవాళ్ల పేరు చెప్తారు. పట్నానికొచ్చి ఊరిని తలుచుకునే కుర్రాడే వీళ్ల కథానాయకుడు, వినేవాడు కూడా వాడే. అందుకే ‘జానపదం కాదిది’ అని పెదవి విరిచేవాళ్లకు నేను చెప్పేది ఒకటే. అమీర్‌పేట హాస్టల్లో ఉంటూ ఊరి కోసం బెంగపడేవాళ్లు లక్షల మంది ఉన్నారు. వాళ్లకు ఒక పాట ఉంటే అది వాళ్ల జానపదమే. నా ఫిర్యాదు వేరే. వీళ్ల పాటలో ఊరు ఎప్పుడూ వెనక్కి వెళ్లాల్సిన చోటే. అక్కడ ఇప్పుడు ఉంటున్నవాళ్లు పెద్దగా కనబడరు. పొలం ఉంటుంది, కౌలు ఉండదు.

ఇంకో మాట. బ్యాండు నిలదొక్కుకునే లోపలే సినిమా పిలుస్తుంది. చౌరస్తా ముందువరసలో కనబడిన రామ్ మిరియాల గొంతు ‘జాతిరత్నాలు’లో ‘చిట్టి’ పాటతో 2021లో ఇంటింటికీ తెలిసింది. మరుసటి ఏడు ‘డీజే టిల్లు’ టైటిల్ పాట స్వరమూ గొంతూ అతనివే. దీన్ని తప్పు పట్టలేం. బ్యాండుకు కాలేజీ ఫెస్టులు, కార్పొరేట్ వేడుకలు తప్ప తిండి పెట్టే వేదిక తెలుగునాట లేదు. టికెట్టు కొని పాట వినడం మనకింకా అలవాటు కాలేదు. పెళ్లికి డీజేకు ఎంతైనా ఇస్తాం. పది పాటలు ఒక వరసలో పెట్టి, ఒకదాని తర్వాత ఒకటి వినాల్సిన ఆల్బమ్ అనే వస్తువు అందుకే మన దగ్గర వేళ్లూనలేదు. మనకు అందేది విడి పాట. ‘ఆల్బమ్ సాంగ్’ అనే విచిత్రమైన పేరు అట్లా పుట్టిందే. ఆల్బమ్ ఉండదు, సాంగ్ ఒక్కటే ఉంటుంది.

2016లో జియో వచ్చి డేటా చవకయ్యాక ఈ విడి పాట వాగై పొంగింది. వీ6 చానెల్ ఏటేటా వేసిన బతుకమ్మ పాటలు, మైక్ టీవీ, గాయని మంగ్లీ, తర్వాత పల్లెల నుంచే లేచిన పదుల కొద్దీ చానెళ్లు. మంగ్లీది అనంతపురం జిల్లా లంబాడీ తండా. తెలంగాణ బతుకమ్మకు ముఖమైంది రాయలసీమ తండా పిల్ల. కల్తీ అని భయపడేవాళ్లు దీన్ని ఎక్కడ పెడతారో తెలియదు. 2021లో ‘బుల్లెట్టు బండి’ పాట వచ్చింది. కొన్ని నెలలకు మంచిర్యాలలో ఒక పెళ్లికూతురు బారాత్‌లో దానికి ఆడిన వీడియో దేశమంతా తిరిగింది. ఆ పాటను నిజంగా విడుదల చేసింది ఆ అమ్మాయే అంటాను. పాట విధి తేల్చేది పత్రికా సమీక్ష కాదు, బారాత్. ఫంక్షన్ హాలు నుంచి పెళ్లికొడుకు ఇంటి దాకా రెండు గంటలు నడిచే ఆ ఊరేగింపులో ఒక పాట రెండోసారి అడిగి పెట్టించుకున్నారంటే అది గెలిచినట్టు. ఆ తర్వాత రాము రాథోడ్ పాట ‘రాను బొంబయికి రాను’ కోట్ల సార్లు చూశారు. వలస మీద పుట్టిన పాటకే బారాత్‌లో చిందేస్తున్నామని ఎంతమందికి పట్టింది? పట్టాలని కూడా లేదు. కష్టాన్ని ఆటగా మార్చుకోవడం మన పాటకు పాత విద్యే.

ఇప్పుడు నిజాంసాగర్ గేట్లు, అలీసాగర్ తోట, కాలువ కట్టలు ఇట్లాంటి పాటలకు చవకైన లొకేషన్లు. డ్రోను పైకి లేస్తుంది, వరిమడి పచ్చగా పరుచుకుంటుంది, లంగావోణీ వేసుకున్న అమ్మాయి గట్టు మీద అడుగేస్తుంది. శేఖర్ కమ్ముల 2017లో ‘ఫిదా’ను బాన్సువాడలో తీశాక ఆ దృశ్యానికి ఒక అచ్చు తయారైంది. అందులో ‘వచ్చిండే’ పాట యూట్యూబ్‌లో చేసిన సందడి అందరికీ గుర్తుంది. దానితో మా యాసకు తెర మీద హీరోయిన్ హోదా వచ్చింది. అంతకు ముందు అది విలన్ పక్కనుండే మనిషి భాష. ఈ లాభం చిన్నది కాదు. అచ్చు మాత్రం బిగిసిపోయింది. ఈ వీడియోల్లో ట్రాక్టరు ఉంటుంది, దాని మీద ఉన్న అప్పు ఉండదు. బీడీలు చుట్టే చేతులుండవు. 2015 డిసెంబర్‌లో లేఆఫ్ ప్రకటించి మూసేసిన చక్కెర ఫ్యాక్టరీ పొగగొట్టం, ఏ కోణంలో కెమెరా పెట్టినా బోధన్‌లో తప్పించుకోవడం కష్టం, అదీ ఉండదు.

లెక్క దగ్గరికి వచ్చాం. ఈ పాటకు పెట్టుబడి పెట్టినవాడు చానెల్ యజమాని. రాసినవాడికి, పాడినామెకు, కీబోర్డు కట్టినవాడికి చాలాచోట్ల ఒక్కసారి ఇంత అని ఇచ్చేస్తారు. తర్వాత వ్యూస్ మీద వచ్చే రాబడి చానెల్‌ది. కాపీరైట్ చట్టం 1957 నాటిది. 2012లో సవరించి గేయరచయితకు, స్వరకర్తకు రాయల్టీ వదులుకోలేని హక్కుగా రాశారు. రచయితకు బతికినంతకాలం, ఆపైన 60 ఏళ్లు. రికార్డింగుకు 60 ఏళ్లు. పాడినవాళ్లకు 50 ఏళ్లు. ఈ వరసలో నాట్లేసుకుంటూ ఆ పాట నేర్పిన ముసలమ్మకు ఎన్నేళ్లు? సున్న. ఎవరిదో తెలియని పాట చట్టం దృష్టిలో అందరిదీ. అందరిదీ అంటే వాడుకలో ముందు రికార్డు చేసినవాడిది. యునెస్కో, ప్రపంచ మేధోసంపత్తి సంస్థ కలిసి జానపద వ్యక్తీకరణల రక్షణకు నమూనా నిబంధనలు 1982లోనే రాసిపెట్టాయి. మన చట్టంలోకి అవి రాలేదు.

2021లో ‘సారంగదరియా’ గొడవ ఈ గాయాన్ని బయటపెట్టింది. ‘లవ్‌స్టోరీ’ సినిమాలో సుద్దాల అశోక్‌తేజ రాసి, మంగ్లీ పాడిన ఆ పాట పల్లవి పాత జానపదం. అది అంతకు ముందే మాటీవీ ‘రేలా రే రేలా’ పోటీలో వినబడింది. దాన్ని అమ్మమ్మ దగ్గర నేర్చుకుని వెలికి తెచ్చింది నేనంటూ ఒక గాయని ముందుకొచ్చింది. జానపదం ఎవరి సొత్తూ కాదని ఒక పక్క, సేకరించినవాళ్లకు విలువ లేదా అని ఇంకో పక్క టీవీ చర్చలు. చివరికి దర్శకుడు శేఖర్ కమ్ముల బహిరంగంగా స్పందించి ఆమెకు గుర్తింపు, డబ్బు ఇవ్వడానికి ఒప్పుకున్నారు. చట్టం బలవంతం చేయలేని పనిని మర్యాద చేయించింది. ఆ గొడవ తర్వాత వీడియోల కింద ‘సేకరణ’ అనే మాట కాస్త తరచుగా కనబడుతోందని నాకనిపిస్తుంది. ఆ మాట కూడా సగమే. సేకరించినామె పేరుంటుంది, ఆమెకు పాడి వినిపించినామె పేరుండదు.

పేరుంటే చాలా అని అడగొచ్చు. 2023లో ‘బలగం’ చివర బుడగజంగాల దంపతులు మొగిలయ్య, కొమురమ్మ చేతిలో బుర్రతో పాడితే థియేటర్లలో, ఊళ్లలో తెరలు కట్టి వేసిన చోట్ల జనం వెక్కివెక్కి ఏడ్చారు. తెగిపోయిన అన్నదమ్ములు కలిశారని వార్తలొచ్చాయి. ఆ సినిమాకు పాట రాసిన కాసర్ల శ్యామ్‌కు జాతీయ పురస్కారం వచ్చింది. మొగిలయ్య 2024 డిసెంబర్‌లో కిడ్నీ జబ్బుతో పోయాడు. పన్నెండు మెట్ల కిన్నెర వాయించే ఇంకో మొగిలయ్య, దర్శనం మొగిలయ్యకు 2022లో పద్మశ్రీ వచ్చింది. రెండేళ్లు తిరిగేసరికి కూలికి పోతున్నాడన్న వార్త ఫొటోతో సహా వచ్చింది. పేరు రావడం వేరు, పాటకు ఫలం రావడం వేరు అని వీళ్లిద్దరి బతుకూ చెప్తుంది. అయినా ‘బలగం’లో ఒక పని జరిగింది. క్లిక్ మీద పాడినట్టుండదు, కోరస్ పొరలు పేర్చినట్టుండదు, వేషం మార్చలేదు. పాటగాణ్ని పాటతో పాటే తెచ్చారు. కథ ఆగి వాళ్ల కోసం ఎదురుచూసింది. తెలుగు సినిమా అంతసేపు ఆగడం అరుదు.

ఈ ఫోక్ పాటల్లో బూతు పెరిగిందనే ఫిర్యాదు కూడా తరచుగా వింటాం. నాట్లేసేచోట ఆడవాళ్లు పాడుకునే బావామరదళ్ల సరసం వినని పెద్దమనుషులే ఆ ఫిర్యాదు చేస్తారు. ఆ పాటల ముందు ఇవి పాలు తాగే పిల్లలు. తేడా ఒక్కటే. అక్కడ ఆడవాళ్లే కట్టి, ఆడవాళ్లే పాడి, మగవాణ్ని ఆట పట్టించేవాళ్లు. ఇప్పుడు ఎక్కువగా మగవాడు రాస్తున్నాడు, ఆమె పాడుతోంది, కెమెరా ఆమె నడుము చుట్టూ తిరుగుతోంది. ఇక్కడ కూడా బూతు కన్నా లెక్కే నాకు ముఖ్యం.

పోయిన దసరాకు ఊరెళ్లినప్పుడు మా పెద్దమ్మకు ఒక ఫోక్ పాట వినిపించాను. ఆమె పుట్టిల్లు కాలువ కింద, వర్ని వైపు. ఎనభై దగ్గర పడింది. కళ్లకు శుక్లాలు, వీడియో కనబడదు. ఫోను చెవికి ఆనించుకుని వింది. మూడున్నర నిమిషాలకు పాట ఆగింది.

‘‘ఫోన్ బందయిందా బిడ్డా?’’

‘‘లేదు పెద్దమ్మా, పాట అయిపోయింది.’’

‘‘గింతేనా? ఇంక పెండ్లిపిల్ల అత్తగారింట్లకు కాలే పెట్టకపాయె.’’

ఎవరెవరు చేసిండ్రో చదువుమంది. చదివాను. గానం, సంగీతం, మిక్సింగ్, కొరియోగ్రఫీ, ఎడిటింగ్, డ్రోన్, పోస్టర్ డిజైన్. రచన దగ్గర ఆగి ఆ పేరూ చదివాను. ఆమె దాన్ని పట్టించుకోలేదు. తలగడ సర్దుకుని, ఆ పిల్ల ఎడ్లబండి దిగిన చోటి నుంచి అందుకుంది. ఆడబిడ్డ ఎదురొచ్చి తలుపు మూసింది, మొగుని పేరు చెప్పమంది. రెండు పాదాలయ్యాక పాడడం ఆపి నా వైపు తిరిగింది.

‘‘వంత ఇయ్యవేందిరా?’’